నాంచారమ్మ కూర్చుంది

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెప్తాను. గోడలకి చెప్పడానికి నాకేం పనీపాటా లేదనుకున్నారా? ఊఁ అనండి. ఆఁ, అలా.

మీ తాతకి తాత ఉగ్గుగిన్నెలో పాలు తాగే రోజులకంటే ఇంకా వెనకటి మాట. ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి పేరు నీలారేవు. ఆ రేవులో గేదె మునిగినా నీలంగా లేచేదని పక్క ఊళ్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఎందుకంటే ఆ ఊరంతా అద్దకప్పని మీద బతికేది. తెల్లబట్ట వచ్చేది, నీలిబట్టై పోయేది.

ఊరి చివర పెద్ద అద్దకం దొడ్డి. దొడ్డి నిండా వరసగా బానలు. నీలిబాన అంటే మీకేం తెలుసు, కొట్లో కొనుక్కుని తొడుక్కునేవాళ్లకి? మెడదాకా భూమిలో పాతిన పెద్ద మట్టిబాన. అందులో నీలిమందు వేస్తారు, సున్నం వేస్తారు, తగిరిస అనే పిచ్చిమొక్క గింజలు ఉడకబెట్టి పోస్తారు, కాస్త బెల్లం కలుపుతారు. అది పులియాలి. పులిసి పైన రాగిరంగు మీగడ కట్టాలి. అప్పుడు బాన ముందు గొంతుక్కూర్చుని, బట్టని లోపలికి ముంచి, రెండు చేతుల్తో అడుగునే పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉండాలి. మధ్యలో చెయ్యి తీశావా, బట్ట పైకి తేలుతుంది. గాలి తగులుతుంది. మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. బట్ట చిరిగినా మచ్చ చిరగదు.

ఈ సంగతి ఆ దొడ్డిలో అందరికీ తెలుసు. బాగా వినండి, అందరికీ తెలుసు.

ఆ దొడ్డిలో ఒక బాన ముందు నాంచారమ్మ కూర్చునేది. మనిషి బెత్తెడు, మాట బారెడు. పెళ్లైన కొత్తలో మోచేతులదాకా అంటిన నీలం, మొగుడు పోయి జుట్టు పండినా పోలేదు. బాన ఆ దొడ్డి యజమాని సావుకారుదే. కాని పిల్లాజెల్లా అందరూ దాన్ని నాంచారమ్మ బాన అనే పిలిచేవాళ్లు.

ఆవిడ సావుకారంటే ప్రాణం పెట్టే పనిమనిషి, చేతులు కట్టుకునే సాధుజీవి అనుకునేరు! పొద్దున్నే బాన మీద మూత తియ్యడం, సావుకారుని తిట్టడం, రెండూ ఒక్కసారే మొదలయ్యేవి. "కుళ్లిన సున్నం కొనుక్కొచ్చాడమ్మా, వాడి పిసినారితనం పాడుగాను" అని బానకి చెప్పేది. ఊళ్లో ఎవరి కోడలు అలిగింది, ఎవరి మేక తప్పిపోయింది, అవీ బానకే చెప్పేది. పొద్దు వాలగానే చేతులు కడుక్కుని ఇంటిముఖం పట్టేది. సావుకారు మాట మధ్యలో ఉన్నా ఆగేది కాదు. సావుకారింట్లో వ్రతమైతే దొడ్డిలో ఆడవాళ్లంతా వెళ్లి పప్పులు రుబ్బేవాళ్లు. నాంచారమ్మ వెళ్లేది కాదు. "నేను బానకి పనిదాన్ని, వాళ్ల రుబ్బురోలుకి కాదు" అనేది.

కాని బట్ట ఆవిడ చేతుల్లో పడిందంటే, వానాకాలం ముందు మబ్బులా మచ్చ లేకుండా వచ్చేది. తల్లికి బిడ్డ మీద ఎలా ఉంటుందో ఆవిడకి బట్ట మీద అలా ఉండేది. తిట్లు సావుకారుకి, చేతులు బట్టకి. ఆ లెక్క ఆవిడెప్పుడూ తప్పలేదు.

పాత సావుకారు ఉన్నన్నాళ్లు ఏ గొడవా లేదు. ఆయన వచ్చేవాడు, చూసేవాడు, పోయేవాడు. ఎవరూ తలెత్తేవాళ్లు కాదు. ఆయన పోయాక కొడుకు గుర్నాథం సావుకారయ్యాడు. చెడ్డవాడు కాదు పాపం. కుర్రతనం, కొత్త తలపాగా, అంతే.

ఆ ఊళ్లన్నిటికీ ఏలిక ఒక రాణీగారు. గుర్నాథం బట్టలు పట్టుకుని ఒకసారి ఆవిడ దివాణానికి వెళ్లాడు. రాణీగారు లోపలికి రాగానే దివాణమంతా లేచి నిలబడింది. గుమాస్తాలు లేచారు, భటులు లేచారు, మూలన నిద్రపోతున్న ముసలి పురోహితుడు కూడా లేచాడు. గుర్నాథానికి ఒళ్లు పులకరించింది. 'ఆహా, గౌరవమంటే ఇదీ!' అనుకున్నాడు. దారంతా అదే తలుచుకుంటూ ఊరొచ్చి, దొడ్డి మేస్త్రీ కోటిలింగాన్ని పిలిచాడు.

"రేపట్నుంచి నేను దొడ్డిలో అడుగు పెడితే అందరూ లేచి నిలబడాలి."

కోటిలింగం లాంటి మనిషి ప్రతి దొడ్డిలోనూ ఒకడుంటాడు. సావుకారు తుమ్మితే తను ముక్కు తుడుచుకుంటాడు. "చిత్తం బాబుగారూ! నేనే చెబుదామనుకుంటున్నాను బాబుగారూ!" అన్నాడు.

మర్నాడు గుర్నాథం వచ్చాడు. కోటిలింగం కేకేశాడు. "సావుకారుగారొస్తన్నారు! లేవండి, లేవండి!"

అందరూ లేచారు. కొంగులు సర్దుకున్నారు, తలగుడ్డలు తీశారు, నీలం కారుతున్న చేతులు జోడించారు. నాంచారమ్మ లేవలేదు.

గుర్నాథం ఆగాడు. "ఏమ్మా, వినపడలేదా?"

"వినపడింది. నా చెయ్యి బానలో ఉంది నాయనా."

ముసలిదిలే అనుకుని పోయాడు.

పక్క బాన మంగతాయిది. పడుచుపిల్ల. నాంచారమ్మని అత్తా అని పిలిచేది. గుర్నాథం గడప దాటగానే గుసగుసగా అంది.

"అదేంటత్తా, ఓసారి లేస్తే నీ నడుం పడిపోద్దా?"

"నా నడుంకేం కాదే. బట్ట చెడుద్ది. నీది చూసుకో, చెడిందో లేదో."

మంగతాయి చూసుకుంది. రూపాయంత తెల్లమచ్చ నవ్వుతూ కనపడింది. గబగబా మడతలోకి తోసేసింది.

రెండోసారి గుర్నాథం కొత్త గొడుగేసుకుని వచ్చాడు. కోటిలింగం కేకేశాడు. "సావుకారుగారొస్తన్నారు! లేవండి, లేవండి!" అందరూ లేచారు. నాంచారమ్మ లేవలేదు. గుర్నాథం సరాసరి వచ్చి ఆవిడ బాన ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ చెయ్యి బానలోనే ఉంది నాయనా. కాస్త పక్కకి జరుగు. నీ గొడుగు నీడ పడి రంగు కనపట్టంలా."

ఎవరో కిసుక్కున నవ్వారు. గుర్నాథం చెవులు ఎర్రబడ్డాయి. తిట్టినా మరిచిపోతాడు మనిషి. నలుగురిలో పక్కకి జరగమంటే మరిచిపోడు.

ఆ సాయంత్రం కోటిలింగం ఉప్పందించాడు. "విశ్వాసం లేని మనిషి బాబుగారూ. రోజూ మిమ్మల్ని బానకి చెప్పుకుని మరీ తిడద్ది. మీ తిండి తింటా మీకు లేవదంటే ఏమనాలి?"

"నా గురించి బానకి చెప్తుందా!" అన్నాడు గుర్నాథం. అన్నిటికంటే అది గుచ్చుకుంది.

మూడోసారి వచ్చాడు. కోటిలింగం కేకేశాడు, అందరూ లేచారు, నాంచారమ్మ లేవలేదు. గుర్నాథం గొడుగు నేలకేసి కొట్టాడు.

"లేస్తావా, దొడ్డి వదిలి పోతావా? రెండే మాటలు."

నాంచారమ్మ తల దించుకునే ఉంది. బానలో ఆవిడ చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

"ఈ మునక కానీ నాయనా."

బట్ట నానేదాకా తిప్పింది. మెల్లగా పైకి తీసి పిండింది. దండెం మీద ముడత లేకుండా ఆరేసింది. బాన మీద మూత పెట్టి, పసిపిల్లని జోకొట్టినట్టు రెండు తట్లు తట్టింది. అప్పుడు గుర్నాథం ముందుకొచ్చి నిటారుగా నిలబడింది.

"ఇప్పుడు లేచాను. ఇప్పుడు పోతన్నాను."

వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి సావుకారుని చూడలేదు. బానని మాత్రం చూసింది.

ఇంటికెళ్లి ఏం తినాలి? ఆవిడకి ముందూ వెనకా ఎవరూ లేరు. పని వెతుక్కుంటూ బయల్దేరింది. నాట్లు వేసేవాళ్ల దగ్గరికెళ్లింది. "నీ చేతులు తగిలితే పైరు నీలంగా లేస్తదేమో పిన్నీ" అని నవ్వారు. వడ్లు దంచేవాళ్ల దగ్గరికెళ్లింది. "మా బియ్యానికి రంగెందుకు పిన్నీ" అన్నారు. పెళ్లివారి వంటశాల దగ్గరికెళ్లింది. వంటాయన గరిటె అడ్డం పెట్టి, "ఆ చేతుల్తో వడ్డిస్తే పెళ్లివారు విషం పెట్టారనుకుంటారు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, వెళ్లు" అన్నాడు. ఎవరూ పొగరుగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్నంత మాత్రాన కడుపు నిండదు కదా.

ఇంటికొచ్చి కూర్చుంది. ఆకలికంటే ఎక్కువగా చేతులు బాధపెట్టాయి. ఏ పనీ లేక ఒడిలో పడుకున్న ఆ నీలిచేతులు వేరే ఎవరివో అయినట్టు చూసుకునేది.

మంగతాయి రోజూ పొద్దు వాలాక వచ్చేది. కొంగులో ఇంత అన్నం తెచ్చేది. తెచ్చిన అన్నం సంగతి నాంచారమ్మ అడిగేది కాదు.

"బానెలా ఉందే?"

"కళ తప్పిందత్తా. మీగడ కట్టట్లా. ఎవళ్లని కూచోబెట్టినా దానికి నచ్చట్లా."

"తగిరిస గింజలు ఉడకేసి పొయ్యి. సున్నం తగ్గించు. చలికి ముడుచుకుందేమో, చుట్టూ ఊక పొయ్యి."

"నిన్ను గెంటేసినాయన బానకి నువ్వెందుకు వైద్యం చెప్తావ్? చావనీ!"

నాంచారమ్మకి అప్పుడు కోపం వచ్చింది. గెంటేసినప్పుడు కూడా రాని కోపం. "నన్ను గెంటింది బానా? వాడి మీద కోపం దాని మీద చూపిస్తే, నాకూ వాడికీ ఏంటే తేడా?"

మంగతాయి మర్నాడు ఊక పోసింది. బాన చావలేదు. అలాగని పూర్తిగా బతకనూ లేదు.

సరిగ్గా అప్పుడే దివాణం నుంచి కబురొచ్చింది. జాతర వస్తోంది. అమ్మవారి తేరు చుట్టూ కట్టడానికి నీలిబట్టలు కావాలి. అన్నీ ఒక్క ఛాయలో ఉండాలి. ఒక్క మచ్చ కనపడినా నీలారేవు బట్ట ఇక దివాణం గడప తొక్కదు. దివాణం కొనని బట్ట ఆ చుట్టుపక్కల ఎవడు కొంటాడు? అంటే ఊరి పొయ్యిలన్నీ ఆ తేరు మీదే ఉన్నట్టు.

గుర్నాథానికి కునుకు లేదు. పని ఎలా సాగుతోందో అని పొద్దున వచ్చి చూశాడు. "లేవండి, లేవండి!" అన్నాడు కోటిలింగం. అందరూ లేచారు. బట్టలు తేలాయి. మచ్చలు పడ్డాయి. మచ్చలు చూసి గుర్నాథానికి బెంగ ఎక్కువైంది. బెంగ ఎక్కువై మధ్యాహ్నం కూడా వచ్చాడు. మళ్లీ లేచారు, మళ్లీ మచ్చలు. బెంగ ఇంకా ఎక్కువై సాయంత్రం కూడా వచ్చాడు. నవ్వకండి! అందరికీ తెలుసన్నానా లేదా? బట్ట ఎందుకు చెడుతోందో ప్రతి మనిషికీ తెలుసు. చెప్పే నోరు మాత్రం దొడ్డిలో లేదు. ఆ నోటిని గెంటేశారుగా!

గుర్నాథం నీళ్ల మీద అనుమానపడి ఏటి పైనుంచి నీళ్లు మోయించాడు. మచ్చలు. సున్నం మీద అనుమానపడి కొత్త గుల్లలు కాల్పించాడు. మచ్చలు. దిష్టి తగిలిందని కోటిలింగం గుమ్మానికి గుమ్మడికాయ కట్టించాడు. ఆ గుమ్మడికాయ ఒక్కటే మచ్చ లేకుండా ఉంది.

చివరికి గుర్నాథం దొడ్డి మధ్యలో కూలబడ్డాడు. తలపాగా ఊడి ఒళ్లో పడింది. చుట్టూ మచ్చల బట్టలు, చుక్కల మేకల మందలా. దండెం చివర ఒక్క బట్ట మాత్రం నున్నగా, నిండుగా ఆడుతోంది.

"అదెవరు ముంచారు?"

అందరూ బానల్లోకి చూశారు.

"అడుగుతున్నాను కదా! అది ఎవరు ముంచారు?"

మంగతాయి ముందుకొచ్చింది. "నాంచారమ్మత్త. మీరు గెంటేసిన రోజుది బాబుగారూ."

"ఆవిడకొచ్చింది మీకెందుకు రాదు? సున్నమా, నీళ్లా, ఏమిటి తేడా? దోషం ఎక్కడుంది?"

"మీరు రావడమే దోషం బాబుగారూ."

"నోర్ముయ్యి!" అని కోటిలింగం ఎగిరాడు.

"నన్నూ గెంటండి. చెప్పి పోతాను. మీరొచ్చినప్పుడల్లా మేం లేస్తాం. మేం లేచినప్పుడల్లా బట్ట తేలుద్ది. ఇవి మీకు పెట్టిన దణ్ణాలు బాబుగారూ. ఈ మచ్చలన్నీ దణ్ణాలే."

గుర్నాథం ఆ మచ్చల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తలపాగా చేత్తోనే పట్టుకుని, గొడుగు మరిచిపోయి, ఎండలో నడిచి నాంచారమ్మ ఇంటికెళ్లాడు.

నాంచారమ్మ గడపలో ఊరికే కూర్చుని ఉంది. అతన్ని చూడగానే చటుక్కున లేచి నిలబడింది. చాప దులిపి పరిచింది. "రా నాయనా, కూర్చో. మంచినీళ్లు తాగు."

గుర్నాథం నోరు తెరిచాడు. "లేచావే!"

"చేతులు ఖాళీగా ఉన్నాయిగా. ఎందుకు లేవను? ఇంటికొచ్చినోళ్లకి లేవకపోతే మర్యాదా?"

"నాకోసం లేచావా?"

"నీకోసమే అనుకోకు. పక్కింటి కుక్క వచ్చినా లేస్తాను. దానికీ ఇంత ముద్ద పెట్టాలిగా."

మామూలు రోజైతే గుర్నాథం మండిపడేవాడు. ఆ రోజు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తిరిగి రా అమ్మా. తేరుబట్టలు చెడుతున్నాయి. ఊరు మునిగేలా ఉంది."

నాంచారమ్మకి బాన కళ్లముందు కనపడింది. పరిగెత్తుకు పోవాలని కాళ్లు లాగాయి. కాని ఆవిడ నాంచారమ్మ.

"వస్తాను. మరి రేపు నువ్వు మళ్లీ దొడ్డిలోకొస్తావ్, వీళ్లు మళ్లీ లేస్తారు. నేనొక్కదాన్ని కూర్చుంటే తేరు నిండుద్దా? ఒక మాట ఒప్పుకుంటేనే వస్తాను."

"ఏమిటది?"

"ఒక్క బట్ట. మూడు మునకలు. నా బానలో, నీ చేత్తో."

"నేనా! సావుకారునా!"

"ఎవరో ఒకరు కావాలిగా. నాకేమో పని పోయింది."

ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది?

మర్నాడు నాంచారమ్మ ముందు బాన దగ్గరికెళ్లింది. మూత తీసింది. వాసన చూసింది, వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. "ఏం చిక్కిపోయావే తల్లీ" అంది. ఏదో కలిపింది, కొంచెం పోసింది, బోలెడు మాట్లాడింది. ఎండెక్కేసరికి రాగి మీగడ తిరిగి కట్టింది. అప్పుడు గుర్నాథాన్ని పిలిచింది.

గుర్నాథం పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. చేతులు మోచేతులదాకా బానలో పెట్టాడు. ఆ వాసనకి ముక్కు పక్కకి తిప్పుకుని, కాసేపటికి మరిచిపోయాడు. లోపల బట్ట బతికిన చేపలా మెదులుతోంది. వదిలితే పోతుంది, గట్టిగా పడితే ముడత పడుతుంది. మొదటి మునక అయింది. రెండో మునక అయింది. మూడో మునకకి ఒళ్లంతా చెమట, మనసంతా చేతుల్లో ఉంది.

సరిగ్గా అప్పుడు బయట బోయీల కేక వినపడింది. దొడ్డి ముందు పల్లకీ దిగింది. జాతర దగ్గర పడుతోంది కదా, తేరుబట్టలు ఎలా ఉన్నాయో చూడటానికి రాణీగారు స్వయంగా వచ్చింది!

కోటిలింగం గొంతు చించుకున్నాడు. "రాణీగారు! రాణీగారొచ్చారు! లేవండి, లేవండి, లేవండి!"

దొడ్డంతా లేచింది. నాంచారమ్మ కూడా లేచింది. ఆవిడ చేతులు ఖాళీగానే ఉన్నాయి మరి! కూర్చున్నది ఒక్కడే. సావుకారు గుర్నాథం.

లేవబోయాడు. మోకాళ్లు వాటంతటవే లేచాయి. బానలో బట్ట కూడా వాటితోపాటే పైకి కదిలింది. ఎదురుగా చూస్తే ఊళ్లకి ఏలిక. కిందికి చూస్తే తన చేతుల్లో బట్ట. ఆవిడకి కోపం వస్తే దొడ్డి పోతుంది. ఇది వదిలితే మచ్చ పడుతుంది. నాంచారమ్మ వంక చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. కళ్లతో కూడా ఏమీ అనలేదు.

గుర్నాథం మళ్లీ కూర్చున్నాడు. తల వంచి, ఏడుపు గొంతుతో అన్నాడు.

"నా చెయ్యి బానలో ఉంది తల్లీ."

కోటిలింగం కళ్లు తేలేసి గుమ్మానికి చేరగిలబడ్డాడు.

రాణీగారు బాన దగ్గరికొచ్చింది. వంగి చూసింది. ఎవరూ ఊహించని పని చేసింది. పక్కన బోర్లించిన కుండ మీద కూర్చుంది. "అయితే కానివ్వు, చూస్తాను" అంది.

గుర్నాథం మునక ముగించాడు. బట్ట పైకి తీశాడు. నీళ్లలోంచి వచ్చినప్పుడు అది నీలంగా లేదు. లేతాకు పచ్చగా ఉంది. గాలి తగిలింది. అందరి కళ్లముందే ఆకుపచ్చ మెల్లగా నలిగి, కమిలి, నీలంగా తిరిగింది. ఎవరో లోపల దీపం తగ్గించినట్టు.

రాణీగారు నోటి మీద చెయ్యి వేసుకుంది. నడివయసు మనిషి, చిన్నపిల్లలా అడిగింది.

"రోజూ ఇలాగే అవుతుందా?"

"రోజూ ఇలాగే అవుద్దమ్మా" అంది నాంచారమ్మ. "చూసేవాళ్లకి తీరికుండదు."

రాణీగారు ఆ నీలిబట్టని వేలితో తాకింది. తర్వాత మెల్లగా అంది. "నేను పుట్టి బుద్ధెరిగాక పని జరుగుతుండగా చూడలేదు. నేను ఎక్కడికెళ్తే అక్కడ పని ఆగిపోతుంది. మగ్గం దగ్గరికెళ్తే మగ్గం ఆగుతుంది. పొలానికెళ్తే నాగలి ఆగుతుంది. నా రాజ్యంలో మనుషులు నిలబడి ఉండటమే నేను చూశాను. ఇంకొక్కటి ముంచండి. ఎవరూ లేవకండి."

అందరూ కూర్చున్నారు. దొడ్డి నిండా చేతులు బానల్లోకి దిగాయి. పొద్దు వాలేదాకా రాణీగారు ఆ కుండ మీదే ఉంది. తేరుబట్టలు మచ్చ లేకుండా అయ్యాయి. గుర్నాథం ముంచిన బట్ట అంచున కాస్త పాలిపోయింది, మొదటిసారి కదా. దాన్ని తేరుకి ఇవ్వలేదు. "ఇది నాకు" అని రాణీగారు పట్టుకెళ్లింది.

ఆ రోజు నుంచి ఆ దొడ్డిలో కేక లేదు. కోటిలింగం పని పోలేదు, కంగారుపడకండి. బానలకి ఊక పోసే పని ఇచ్చారు. బాగానే చేశాడు. నాంచారమ్మ తన బాన ముందు కూర్చుంది. మర్నాడు పొద్దున్నే మూత తీస్తూ సావుకారుని తిట్టింది. గుర్నాథం గుమ్మంలో నిలబడి విన్నాడు. విని, మర్నాటికి మంచి సున్నం తెప్పించాడు. తర్వాత తర్వాత రోజూ వచ్చి వినడం మొదలుపెట్టాడు. కోటిలింగం పొగడ్తల్లో ఎన్నడూ తెలియని సంగతులన్నీ ఆ తిట్లలో తెలిసేవి.

అలా ఏళ్లు గడిచాయి. ఒక పొద్దున నాంచారమ్మ మూత తియ్యడానికి రాలేదు. మంగతాయి ఇంటికెళ్లి చూస్తే, చాప మీద నిద్రలోనే పోయింది.

నా అన్నవాళ్లు లేని మనిషి. పాడె ఎవరు మోస్తారా అని ఊరు చూస్తుంటే, గుర్నాథం తలపాగా తీసి పక్కన పెట్టి ముందుకొచ్చి భుజం పెట్టాడు. అప్పటికి అతనికీ జుట్టు నెరిసింది. ఊరు ఊరంతా కదిలింది. ఏటి ఒడ్డుకి దారి దొడ్డి ముందు నుంచే. ఆ రోజు దొడ్డిలో ఎక్కడో దూరం పోవాల్సిన బట్ట మునకలో ఉంది. బానలన్నిటి ముందూ మనుషులున్నారు.

పాడె దొడ్డి ముందుకొచ్చింది. లోపల ఒక్కరూ లేవలేదు.

ముసలి కోటిలింగం ఏడుస్తూ అరిచాడు. "మనుషులేనా మీరు! నాంచారమ్మ పోతందర్రా! లేవండి, లేవండి!"

ఎవరూ లేవలేదు. మంగతాయి కళ్లనీళ్లు బానలో పడుతున్నాయి. చేతులు మాత్రం తిరుగుతున్నాయి. తన భుజాలతోనే చెంపలు తుడుచుకుంటోంది.

గుర్నాథం పాడె మోసేవాళ్లతో అన్నాడు. "ఆగండి. చేతులు బానలో ఉన్నాయి. అమ్మ ఆగుతుంది."

పాడె ఆగింది. తప్పెట ఆగింది. నడివీధిలో, ఎండలో, ఊరంతా నిలబడి ఎదురు చూసింది. మునక పూర్తయింది. బట్టలు పైకొచ్చాయి, ఆకుపచ్చగా వచ్చి నీలంగా తిరిగాయి, దండేల మీద పరుచుకున్నాయి. అప్పుడు లోపల నుంచి మంగతాయి గొంతు వచ్చింది.

"అయింది!"

అందరూ లేచారు. నీలం కారుతున్న చేతులతోనే బయటికొచ్చారు. ఒక్కొక్కరూ ఆవిడ మీద కప్పిన తెల్లబట్ట మీద చేతులు ఆనించారు. ఏరు చేరేసరికి ఆ బట్ట మీద తెలుపు మిగల్లేదు.

అంతే కథ. కాని ఆ ఊరు ఇప్పటికీ ఉంది. వెళ్లినవాళ్లు చెప్పారు. ఎంత గొప్పవాడి శవమైనా ఆ వీధిన వెళ్తే దొడ్డి ముందు ఆగుతుంది. లోపల నుంచి "అయింది!" అని కేక వచ్చేదాకా కదలదు. బానలు తగ్గాయట, ఇప్పుడు కుట్టుమిషన్లు ఎక్కువయ్యాయట. అయినా ఆ ఊళ్లో చేతిలో పని ఉన్న మనిషి ఎవరొచ్చినా లేవదు, లేవకపోతే ఎవరూ తప్పు పట్టరు. అదికాదు, తప్పు పట్టినవాణ్ణే వింతగా చూస్తారు. మొన్నెవరో పెద్ద అధికారి జీపు దిగి, ఒక గుమ్మం ముందు నిలబడి దర్పంగా పిలిచాడట. లోపల కోడలు మిషను మీద కుడుతోంది. తలెత్తలేదు. అరుగు మీద కూర్చున్న అత్తగారే ఆ ఊళ్లో అందరూ అనే మాట జవాబుగా చెప్పింది.

"నాంచారమ్మ కూర్చుంది నాయనా. అయ్యేదాకా నువ్వూ ఇలా వచ్చి కూర్చో."